వంటింటి మూలలో ఊపిరి

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక ఒక వీధి ఉంది. ఆ వీధి చివరింటి ముందర నుంచి రాత్రి తొమ్మిది దాటినాక మనిషన్నవాడు నడవడు. బండి మీద వచ్చినోడు కూడా ఆ మలుపులో హారన్ కొట్టుకుంటా, పక్కకు చూడకుండా పోతాడు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తా ఉంటారంట... ముసలి ఊపిరి... ఈల వేసినట్టు.

నేను విన్నది విన్నట్టు చెప్తున్నా. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అంతకన్నా లేదు. ఈ కథలో మనిషి పేరు శివకృష్ణ. ఇళ్ల బ్రోకరు. వాణ్ణి చూసి జాలి పడొద్దు, ముందే చెప్తున్నా.

ఆ ఇల్లు లక్ష్మీనరసయ్యది. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రాయి కోసినాడు. ఆ దుమ్ము తిని తిని రొమ్ములో ఏం మిగల్లేదు. కూర్చున్నా, పండుకున్నా ఊపిరి ఈల వేసేది. వీధిలో వాళ్లకు ఆ చప్పుడు అలవాటే. చివరికి ఒంగోలు ఆసుపత్రిలో పోయినాడు. నేరుగా శ్మశానానికే తెచ్చినారు, శవం ఇంటి గడప కూడా ఎక్కలేదు. ఇంట్లో ఆయన భార్య సుబ్బరత్నమ్మ ఒక్కతే మిగిలింది.

అదే కాలంలో మార్కాపురం జిల్లా అవుతాదన్న మాట పుట్టింది. ఇంకేముంది! నిన్నటిదాకా మేకలు కూడా మేయని బీడుకు జెండాలు నాటినారు, రాళ్లకు తెల్లసున్నం కొట్టినారు. టీ అంగడి కాడ కూర్చున్న ప్రతోడూ బ్రోకరే. పొద్దునొక ధర, సాయంత్రం ఒక ధర. బాడుగ ఇంట్లో ఉన్నోళ్ల మొహాలు మాడిపోయినాయి. సొంతిల్లున్నోడు ఊరికే గోడ నిమురుకుంటా తిరిగినాడు.

శివకృష్ణ కన్ను సుబ్బరత్నమ్మ ఇంటి మీద పడింది. మూల బిట్టు, రెండు వైపులా దారి. అడిగితే ఆమె అమ్మనన్నది. అప్పుడు వాడు చేసిన పని వినండి. టీ అంగడి కాడ గ్లాసు పట్టుకొని, గొంతు తగ్గించి అన్నాడు— "లచ్చినరసయ్య మామ ఇంకా పోలేదు... ఆ ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి నేను చెవులారా విన్నా, ఆ ఈల."

అంతే. వారం తిరగక ముందే ఆ మాట వీధి దాటింది. నెల తిరిగేసరికి, తామూ విన్నామన్నోళ్లు పది మంది తయారైనారు. పాలామె రావడం మానేసింది. పక్కింటోళ్లు పిల్లల్ని ఆ గడప తొక్కనీలేదు. విసిగి ఆమె అమ్ముతానన్నా, కొందామని వచ్చినోళ్లు బజారులోనే వెనక్కి తిరిగినారు. మొగుడు పోయిన ఆడమనిషి ఒక్కతే ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? సంవత్సరానికి, సగం ధరకు, ఆ శివకృష్ణకే రాసిచ్చింది. కురిచేడులో చెల్లెలింటికి పోతా, తాళాలు చేతిలో పెట్టకుండా గడప మీద పడేసింది.

"ఆయన ఈ ఇంట్లోనే ఉన్నాడంటివి కదా అబ్బాయ్," అన్నది. "సరే. ఇంక నీ దగ్గరే ఉంటాడులే."

వాడు నవ్వినాడు. బండెక్కినాక కూడా నవ్వినాడంట. సిగ్గులేని జన్మ.

ఆ ఇల్లు కొనడానికి వాడు కొనకనమిట్లలో తన భాగం రెండెకరాలు తెగనమ్మినాడు. భార్య సునీత మెడలో తాడు తప్ప ఒంటి మీద బంగారమేమీ ఉంచలేదు. రెండు నెలల్లో రెండింతలకు అమ్మిపారేస్తా అన్నాడు. కానీ కొనడానికి ఎవడొస్తాడు? వీడు పెంచిన దెయ్యం ఆ ఇంట్లో కాపురం పెట్టి కూర్చుందాయె! "అదంతా ఉత్తమాట అన్నా" అని వీడు ఎంత మొత్తుకున్నా జనం నమ్మలేదు. పుట్టించినోడి మాట కన్నా పుట్టిన మాటకే బలం ఎక్కువ, పాడుగాను. ఒక వేసవి పోయింది, ఇంకో వేసవి వచ్చింది. సునీత పెట్టె సర్దింది. "ఈ నెలలో అమ్ముడుపోలేదా, నేను గిద్దలూరు పోతాండా. మా అమ్మ దగ్గర గంజి తాగుతా," అని చెప్పేసింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నట్టే.

సరే, ఇల్లు మెరిపిస్తే మనుషులొస్తారని మేస్త్రి గురుస్వామిని పిలిచినాడు. గురుస్వామి ఇల్లంతా తిరిగి, గోడలు వేలితో కొట్టి కొట్టి చూసినాడు.

"అల్లుడూ, రంగులు తర్వాత. ముందు మిద్దె మీద నీళ్లు నిలవకుండా వాటం చేయించు. గోడకు పైనుంచి చెమ్మ దిగుతావుంది. పగుళ్లు గీకి సిమెంటు పెట్టు, ఊరికే పుట్టీ పూస్తే వానాకాలానికి పొక్కుతాది. వంటింట్లో నేల గుల్లగా పలుకుతాంది, ఆ మూలన రాయి లేపి కింద ఏముందో చూసినాకే టైల్స్ వేయి."

బంగారం లాంటి మాట. ఇల్లు అమ్మేవాడికైనా, ఉండేవాడికైనా అంతకు మించి చెప్పేది లేదు. మన వీరుడు వింటాడా?

"ఎవడికి మామా లోపల ఏముందో? పైకి మెరిస్తే చాలు."

గురుస్వామి తాపీ సంచిలో వేసుకొని పోయినాడు. వీడు బీహారు పనోళ్లను తెచ్చి, చెమ్మ మీదనే రంగు కొట్టించినాడు. వంటింటి మూలన సుబ్బరత్నమ్మ బియ్యం డ్రమ్ము పెట్టుకునే చోట పెద్ద పలకరాయి ఒకటి పరిచి ఉంది. దాని మీదనే సిమెంటు పోసి, అద్దంలా తళతళలాడే టైల్స్ అతికించినారు. మూడు రోజుల్లో పని అయిపోయింది.

అట్ల మెరిసే ఇంటికి, ఎట్టకేలకు, ఒక జంట వచ్చింది. పుల్లలచెరువు పక్క పల్లె వాళ్లు, ప్రకాశరావు, సరోజమ్మ. మొగుడూ పెళ్లాలిద్దరూ హైదరాబాదులో ఇరవై ఏళ్లు కూలి చేసి కూడబెట్టుకున్నోళ్లు. సరోజమ్మ అన్ని గదులూ తిరిగి చూసింది. గోడల రంగు చూడలేదు, టైల్స్ చూడలేదు. ఒకటే అడిగింది.

"నీళ్లెట్ల తమ్ముడూ?"

"కొళాయి వారానికోసారి వస్తాదక్కా, దాన్ని నమ్ముకోనక్కర్లేదు. బోరు వేయించుకున్నావనుకో, మూడొందల అడుగుల్లో తియ్యటి నీళ్లు. ఈ వీధికి నీళ్ల కొదవే లేదు."

వాడికి తెలిసి చెప్పినాడా? లేదు. నోటికొచ్చింది చెప్పినాడు. ఆమె మొహం మాత్రం వికసించింది. ఇల్లు నచ్చిందన్నది.

ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు. "మేం దేవుణ్ణి నమ్ముకున్నోళ్లం తమ్ముడూ, దెయ్యాలకు భయపడం. కానీ బజారంతా ఒకటే మాట చెప్తాంది. నువ్వొక్క రాత్రి ఈ ఇంట్లో పండుకో. పొద్దున్నే మేం వస్తాం. తలుపు లోపల్నుంచి నువ్వే తీసినావా, అడ్వాన్సు అక్కడికక్కడే ఇస్తా. బయట కనపడినావా, మా దారి మేం చూసుకుంటాం."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు శివకృష్ణ.

ఆ రాత్రి చాప, దిండు, నీళ్ల సీసా తీసుకొని పోయి గడియ పెట్టుకున్నాడు. పగలంతా కాల్చి చంపిన ఎండ. రాత్రికి గాలి బిగుసుకుపోయింది. నల్లమల వైపు మబ్బులు కమ్ముకుంటున్నాయి, దూరంగా మెరుస్తావుంది. కొత్త రంగు వాసనకు తల దిమ్ముగా ఉంది.

పదకొండింటికి కరెంటు పోయింది.

వాడు పండుకొని లెక్కలేసుకుంటున్నాడు. తెల్లారితే అడ్వాన్సు, నెలలో రిజిస్ట్రేషను, సునీత పెట్టె మళ్లీ అటక మీదికి... అట్ల అనుకుంటా కన్ను మూతపడబోయింది.

అప్పుడు వినపడింది.

హూ...

వంటింట్లోనుంచి. పొడుగ్గా... ఆగి... మళ్లీ—

హూ...

పిల్లి అనుకున్నాడు. లేచి ఫోను లైటు వేసుకొని పోయినాడు. పిల్లి లేదు. కిటికీ మూసే ఉంది. టైల్స్ మీద వాడి నీడ తప్ప ఏం లేదు. వెనక్కి వచ్చి పండుకున్నాడు, దుప్పటి లేక చాప అంచే మీదికి లాక్కున్నాడు.

ఈసారి ఊపిరి చివర ఈల వచ్చింది.

శివకృష్ణ చాప మీద లేచి కూర్చున్నాడు. ఆ ఈల వాడికి తెలుసు. ఆ వీధిలో వస్తా పోతా ఎన్నోసార్లు విన్నదే. టీ అంగడి కాడ గ్లాసు పట్టుకొని వాడు చెప్పింది కూడా ఆ ఈల గురించే. అప్పుడు చెప్పింది అబద్ధం. ఇప్పుడు వింటున్నది...

టక్.

నేల లోపల్నుంచి ఎవరో వేలితో కొట్టినట్టు.

టక్... టక్...

పాకుకుంటా వంటింటి గడప దాకా పోయినాడు. ఫోను వెలుగులో మూలనున్న టైలు చూస్తున్నాడు. రెండు టైల్స్ మధ్య సందులోనుంచి తెల్లటి పొడి సన్నగా పైకి లేస్తావుంది... ఆగుతావుంది... మళ్లీ లేస్తావుంది. ఊపిరితో పాటే. మొహానికి గాలి తగిలింది. పాతమట్టి వాసన, తడి వాసన. గుంతలోనుంచి వచ్చే వాసన.

"లచ్చినరసయ్య మామా..." అని బతిమాలుకున్నాడు. "మామా... నేను పుట్టించిన మాటే అది. నువ్వు ఒంగోలులో పోయినావని నాకు తెలుసు... నీ పెళ్లాన్ని నేనే... మామా, ఒక్క రాత్రి... తెల్లారిందాకా ఊరుకో మామా..."

హూ... ఈల.

బతిమాలితే వినలేదని వాడికి కోపమొచ్చింది చూడండి! అదీ వాడి బుద్ధి. భయం పట్టినోడు పారిపోతాడు. వీడికి తన ఆస్తి మీద ఎవడో అడ్డం కూర్చున్నట్టు మండిపోయింది. పనోళ్లు వదిలేసిపోయిన గడ్డపార గోడకు ఆనించి ఉంటే అందుకున్నాడు.

"సచ్చినోడివి సచ్చినట్టుండవా! నా ఇల్లు ఇది! నా రెండెకరాలు ఇది!"

పొడిచినాడు. ఒకటి... రెండు... మూడో పోటుకు టైలు పగిలి, గడ్డపార కొస పలకరాయి పక్కన సందులోకి దిగింది.

భుస్సుమని గాలి లేచింది. సిమెంటు పొడి కళ్లల్లో పడింది. ఫోను ఎగిరిపడి ఆరిపోయింది. చీకట్లో ఆ ఈల ఇల్లంతా నిండిపోయింది... గోడలు కూడా పీలుస్తున్నట్టు... వాడు కేకేసినాడో లేదో వాడికే తెలియదు. తెలివొచ్చేసరికి వీధిలో ఉన్నాడు. పైన వాన మొదలైంది. చెప్పులు లేవు, చేతికి నెత్తురు.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. శ్రీశైలమ్మ, సుబ్బరత్నమ్మతో కలిసి విస్తళ్లు కుట్టిన మనిషి. వాణ్ణి నిలువునా చూసింది.

"అక్కా... తలుపు తీయక్కా. ఒక్క గంట..."

"ఎందుకయ్యా? మీ ఇల్లు అదుగో."

కిటికీ మూసేసింది. వీధంతా మేలుకునే ఉంది, చీకట్లో చూస్తానే ఉంది. ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. మంచి పని చేసినారు.

వాడు వానలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. వాన వెలిసింది. తూర్పు తెల్లబడింది. అప్పుడు గుర్తొచ్చింది— తలుపు లోపల్నుంచి తీయాల! బయట కనపడితే అయిపాయె. రెండెకరాలు పాయె, సునీత పాయె. పళ్లు కరుచుకొని, దండం పెట్టుకుంటా, ఆ ఇంట్లోకి మళ్లీ పోయినాడు. గడియ వేసినాడు. వంటింటి వైపు చూడకుండా తలుపుకు వీపు ఆనించి నిలబడినాడు. ఇప్పుడు ఈల లేదు. సన్నగా, ఏదో జుర్రుతున్నట్టు చప్పుడు.

ఆటో వచ్చి ఆగింది. తలుపు కొట్టినారు.

తీసినాడు. నవ్వినాడు కూడా. తడి బట్టలు, సిమెంటు మొహం, ఎర్రటి కళ్లు— ఆ నవ్వు చూసి ప్రకాశరావు ఒక అడుగు వెనక్కి వేసినాడంట. సరోజమ్మ పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. ఇల్లు చూసిపెట్టమని వాళ్లు తెచ్చుకున్న మేస్త్రి. ఎవరో కాదు, గురుస్వామి.

"రాత్రి బాగా పండుకున్నావా తమ్ముడూ?" అన్నాడు ప్రకాశరావు.

శివకృష్ణ నోరు తెరిచేలోగా వంటింట్లోనుంచి ఆ జుర్రుడు అందరికీ వినపడింది. సరోజమ్మ చేయి తనంతట తానే మెడలో సిలువ మీదికి పోయింది.

గురుస్వామి ఒక్కడే లోపలికి నడిచినాడు. పగిలిన టైలు కాడ గొంతుక్కూర్చొని బీడీ ముట్టించినాడు. పొగ వదిలినాడు. ఆ పొగ పైకి పోలేదు. పాములా వంగి, నేల మీద పాకి, పలకరాయి పక్కన సందులోకి దూరిపోయింది. లోపల ఎవరో పీల్చుకున్నట్టు.

"అయ్యో దేవా..." అన్నాడు ప్రకాశరావు.

గురుస్వామి నవ్వడం మొదలుపెట్టినాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! బోరు రా ఇది! పాత బోరు గుంత. పెరట్లో బోరు వేసినాక దాని మీదికే వంటిల్లు పెంచినట్టున్నారు. వాన మబ్బు పట్టినప్పుడు గాలి బయటికి తంతాది, వాన వెలిస్తే లోపలికి పీలుస్తాది. మన ఊళ్లల్లో బోరు గుంతలు ఎన్ని చూడలేదు? సుబ్బరత్నమ్మ ఉన్నప్పుడు రాయి చుట్టూ సందులుండె, ఎవరికీ వినపడకుండా వచ్చి పోయేది. నువ్వు టైల్స్ వేసి బిగించినావు, ఇంత సందు వదిలినావు. ఈల వేయక, టైలు తట్టక ఏం చేస్తాది? చెప్తే విన్నావా!"

ప్రకాశరావు కూడా నవ్వినాడు. సరోజమ్మ గుండె మీద చేయి వేసుకొని "హమ్మయ్య" అన్నది. వీధిలోనుంచి తొంగిచూస్తున్నోళ్లు ఒకర్నొకరు తోసుకుంటా లోపలికి వచ్చినారు. శ్రీశైలమ్మ కూడా వచ్చింది.

ఇంక శివకృష్ణ సంగతి చెప్పాల్నా! గోడకు జారగిలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోయినాడు. దెయ్యం లేదు. వాడి ఇంట్లో దెయ్యం లేదు! పది మంది ముందర తేలిపోయింది.

"చూసినావా అన్నా," అన్నాడు మొహం తుడుచుకుంటా. "నేను చెప్పలే? అంతా ఉత్తమాటేనని చెప్పలే? తలుపు కూడా నేనే తీసినా. ఇంక ఆ అడ్వాన్సు..."

ప్రకాశరావు చేయి జేబులోకి పోయింది.

"ఉండు," అన్నది సరోజమ్మ.

ఆమె గురుస్వామి పక్కన కూర్చొని పలకరాయిని చూస్తావుంది. పగిలిన టైలు ముక్కలు, పెళ్లలుగా లేచిన సిమెంటు చేత్తో పక్కకు నెట్టింది. శివకృష్ణ తెచ్చుకున్న నీళ్ల సీసా అక్కడే పడి ఉంటే, ఆ నీళ్లు రాయి మీద పోసి కొంగుతో రుద్దింది. సిమెంటు పొడి పోయి నల్లటి రాయి బయటపడింది. రాయి మీద అక్షరాలు. మేకుతో గట్టిగా గీకినవి, చెరిగేవి కావు. టైల్స్ వేసిన బీహారోళ్లకు తెలుగు రాదు. వేయించినోడు ఆ మూలకు వంగి చూసినోడే కాదు.

అందరూ వంగినారు. కింద పేరు చూసి, చచ్చినోడి చేతిరాత అని ఎవరూ ముట్టలేదు. సరోజమ్మ వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటా చదివింది.

"తొమ్మిది... వందల... ఇరవై అడుగులు. చుక్క... పడలేదు. ఈ జాగాలో ఇది నాలుగో బోరు. నా తర్వాత... ఎవరూ... ఇక్కడ వేసి చెడిపోవద్దు. లక్ష్మీనరసయ్య."

కింద గుంత ఒక్కటే పీలుస్తావుంది.

సరోజమ్మ ఒక టైలు ముక్క తీసుకొని సందులోకి వదిలింది. చెవి పెట్టింది. గోడలకు తగులుకుంటా పోతున్న చప్పుడు... చిన్నదై... ఇంకా చిన్నదై... నీళ్లల్లో పడిన చప్పుడు మాత్రం రాలేదు. చాలాసేపు అట్లనే వంగి ఉంది. లేచేసరికి ఆమె మొహంలో నెత్తురు లేదు. రాత్రి శివకృష్ణ మొహంలో కూడా అంత భయం లేదు.

"మూడొందల అడుగుల్లో తియ్యటి నీళ్లంటివి కదా అబ్బాయ్?"

"అక్కా... దెయ్యం లేదు కదక్కా... అందరూ చూసినారు కదా..."

"దెయ్యమే ఉంటే మా చర్చి అయ్యగారితో ప్రార్థన చేయించుకొని చేరేవాళ్లం," అన్నది సరోజమ్మ. "చిన్నపిల్లప్పటి నుంచి పెళ్లయి పోయిందాకా మూడు మైళ్లు బిందె మోసినా. పుల్లలచెరువు విడిచి ఇంత దూరం వచ్చింది మళ్లీ ఆ బిందె ఎత్తుకోవడానికి కాదు."

ప్రకాశరావు చేయి జేబులోనుంచి ఖాళీగా బయటికొచ్చింది. ఇద్దరూ పోయి ఆటోలో కూర్చున్నారు.